తమ్ముడు మందులు మానేశాడు, ఆస్పత్రికి రానంటున్నాడు. బలవంతంగా చేర్చే పరిస్థితి ఎందుకొస్తుంది? (తిరుపతి)

కొర్లగుంట అక్క

మాది తిరుపతి, కొర్లగుంట. తమ్ముడికి 26 ఏళ్లు. చదువు అయిపోయిన ఏడాది వాడికి బాగా జబ్బు చేసింది, డాక్టరు సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే జబ్బు) అన్నారు. అప్పుడు బెంగళూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాం. ఆ ఆస్పత్రి వాళ్లే వ్యాను పంపారు. నలుగురు మనుషులు దిగి, తువ్వాలుతో చేతులు కట్టి ఎక్కించారు. వీధి వీధంతా మిద్దెలెక్కి చూసింది. మందులతో బాగుపడ్డాడు. శ్రీసిటీలో ఉద్యోగం కూడా చేశాడు. ఈమధ్య అది పోయింది.

ఉగాది నుంచి మాత్రలు వేసుకోవడం లేదు. లావైపోతున్నాను, పొద్దున లేవలేకపోతున్నాను అంటుండేవాడు. ఇప్పుడు రాత్రిళ్లు నిద్రే లేదు. టీవీలోంచి ఎవరో వింటున్నారని దానికి దుప్పటి కప్పాడు. అమ్మ అన్నంలో ఏదో కలుపుతోందట. తను తెచ్చుకున్న బన్ను, తన కళ్లముందు కొట్టించుకున్న కొబ్బరిబొండం తప్ప ఏమీ ముట్టడు. నిన్న నాన్న గది తలుపు దబదబ బాదితే బయటికొచ్చి ఆయన్ని తోసేశాడు. గడప తగిలి నాన్న మోచేయి గీసుకుపోయింది. కాసేపటికి దూది, డెట్టాలు తెచ్చిచ్చింది కూడా వాడే.

స్టేషన్లో తెలిసినాయన ఉన్నాడు, ఒక్క ఫోన్ కొడితే వచ్చి తీసుకెళ్తారు అంటున్నారు నాన్న. మాత్ర పొడి చేసి కాఫీలో కలిపెయ్యి అంటున్నాడు మా మామ. కొండకు నడిపిస్తే సర్దుకుంటాడని అమ్మ మొక్కుకుంది. నాకు ఇద్దరు చిన్నపిల్లలు, అందరం ఆ ఇంట్లోనే ఉంటున్నాం. టెన్షన్‌తో ఎవరికీ నిద్ర లేదు.

నేను అడిగేది ఏంటంటే, ఒక మనిషిని ఇష్టం లేకుండా ఆస్పత్రిలో చేర్చే దాకా ఎందుకొస్తుంది? జబ్బు ముదిరితేనా, ఇంకేమైనా ఉంటాయా? చట్టం ఏమంటుంది? వాణ్ని మళ్లీ ఆ వ్యానులో చూడటం నావల్ల కాదు. అలాగని ఏమీ చేయకుండా కూర్చోలేను.

సుబ్బు, రేణిగుంట

మా పిన్ని కొడుక్కి ఇలాగే ఉంటే సాంబారులో కలిపి ఇచ్చాం అక్కా. వాడికి తెలియనే తెలియదు, కొన్ని నెలలు బాగున్నాడు. మీ మామ చెప్పిందే కరెక్టు. ఒప్పించాలని కూర్చుంటే ఈలోపు ఏదో ఒకటి జరిగిపోతుంది.

పుత్తూరు సిస్టర్

అమ్మా, నేను సైకియాట్రీ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఊరు పుత్తూరు, ఉద్యోగమంతా తిరుపతిలోనే. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సుబ్బుకు ఒక మాట. కలిపి ఇవ్వొద్దు నాయనా. ఆ అబ్బాయి భయమే అన్నంలో ఏదో కలుపుతున్నారని. నిజంగా కలిపి, అది అతని కంటపడిందంటే ఇక ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడు. పైగా గ్లాసులో సగం వదిలేస్తే డోసు ఎంత వెళ్లిందో ఎవరికీ తెలియదు. మెడ పట్టేసినా, నాలుక మందమైనా ఎందుకో డాక్టరుకు అంతుపట్టదు. ముందున్నవి మంచి నెలలే కావచ్చు, తెలిసిపోయిన రోజు ఏమవుతుందో వార్డులో చాలాసార్లు చూశాను.

ఇక మీ ప్రశ్న. జబ్బు ముదిరింది కాబట్టి బలవంతంగా చేర్చారని బయట అందరూ అనుకుంటారు. వార్డు గుమ్మంలో నిలబడి ఇన్నేళ్లు చూసిన మనిషిగా చెప్తున్నాను. అదే జబ్బు, అంతే తీవ్రత ఉన్న ఇద్దరిలో ఒకరు అక్క చెయ్యి పట్టుకుని నడిచి వస్తారు, ఇంకొకరు కట్లతో వస్తారు. ఆ తేడా చాలాసార్లు అంతకుముందు కొన్ని వారాల్లో తయారవుతుంది. ఆ వారాలే ఇప్పుడు మీ చేతిలో ఉన్నాయి.

దీని మీద పరిశోధనలు బాగానే జరిగాయి. 22 దేశాల నుంచి వచ్చిన 77 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. ఇష్టంగా చేరిన వాళ్లతో పోలిస్తే, బలవంతంగా చేర్చిన వాళ్లలో సైకోసిస్ రకం జబ్బులు, అంతకుముందు ఒకసారి బలవంతంగా చేరి ఉండటం, ఈ రెండూ అన్నిటికన్నా గట్టిగా కనిపించాయి. మగవాళ్లు కావడం, పెళ్లి కాకపోవడం, ఉద్యోగం లేకపోవడం, సొంత ఇల్లు లేకపోవడం, బీద ప్రాంతంలో ఉండటం కూడా ఉన్నాయి. మందులు సరిగా వాడకపోవడం, తనకు జబ్బుందని తెలియకపోవడం, పోలీసుల ద్వారా రావడం కూడా ముడిపడి ఉన్నాయి. ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవే. అయినా మన వార్డులో నేను చూసినదానికి చాలావరకు సరిపోతుంది. ఒక్కటి మాత్రం మన దగ్గర వేరు. అక్కడ ఒంటరిగా బతికే మనిషి గురించి ఎక్కువ మాట్లాడతారు. ఇక్కడ ఇంటినిండా మనుషులుంటారు, కానీ రోగితో మాట్లాడే మనిషి ఒక్కరూ మిగలరు. అతని గురించి హాల్లో మాట్లాడుకుంటారు, అతను గదిలోంచి అన్నీ వింటుంటాడు.

ఇందులో చాలావరకు మీ తమ్ముడికి సరిపోయాయని బెంబేలు పడకండి. ఇదేమీ జాతకం కాదు. పెళ్లీ ఉద్యోగమూ ఈ వారంలో మార్చలేం. నిద్ర, మందు, భయం, ఎవరు తీసుకెళ్తారు, ఎలా తీసుకెళ్తారు అనేవి మార్చగలం.

మందు సంగతి చూడండి. లావైపోతున్నాను, లేవలేకపోతున్నాను అన్నాడని రాశారు. ఒలాంజపిన్ లాంటి మందులతో బరువు నిజంగానే పెరుగుతుంది, మత్తుగానూ ఉంటుంది. అతను చెప్పింది వాస్తవం. దానికి డోసు మార్చడమో, వేరే మందు ఇవ్వడమో డాక్టరు చేతిలో పని. "మాత్రలెందుకు మానేశావు" అన్న ప్రశ్న వదిలేసి "లావు కాని మందు అడుగుదాం రా" అని చూడండి.

"నాకేం జబ్బు లేదు" అనడం మొండితనం కాదు, చాలామందిలో అది జబ్బులో భాగమే. టీవీలో ఎవరూ లేరని వాదించి గెలిచిన వాళ్లను నేను చూడలేదు. నిద్ర లేక ఆ అబ్బాయి అల్లాడుతున్నాడు కదా, అది అతనికీ తెలుసు. "నిద్ర పట్టట్లేదు కదరా, దానికి చూపించుకుందాం" అనండి. అందులో అబద్ధం లేదు.

బెంగళూరు వ్యాను గురించి ముఖ్యంగా చెప్పాలి. ఒకసారి అలా వెళ్లిన మనిషికి ఆస్పత్రి అన్న మాట వినగానే ఆ తువ్వాలే గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరు గట్టిగా తలుపు కొట్టినా మళ్లీ వచ్చారనుకుంటాడు. నిన్న మీ నాన్నను తోసింది ఆ భయంతోనే కావచ్చు. దూది తెచ్చిచ్చాడు చూడండి, ఆ మనిషి ఇంకా మీకు అందుబాటులోనే ఉన్నాడు.

ఒకసారి శ్రీకాళహస్తి వైపు నుంచి ఒక కుర్రాణ్ని జీపులో తెచ్చారు. రెండు మణికట్లకూ నైలాను తాడు, వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. వెంట వచ్చిన వాళ్లు "విప్పొద్దమ్మా, కొడతాడు" అని అరుస్తున్నారు. కత్తెరతో తాడు కోసి, నీళ్ల సీసా సీలు అతని ముందే తీసి ఇచ్చాను. గటగటా తాగేశాడు. ఇంజెక్షన్ చూసి "ఇది దేనికి?" అని అడిగాడు. నిద్రకు, భయం తగ్గడానికి అని చెప్పాను. "ఎడమ చేతికి వెయ్యండి, కుడి చెయ్యి నొప్పి" అన్నాడు. ఇంటి నుంచి మా దాకా అంత దూరంలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన వాళ్లు ఒక్కరూ లేరు. చెప్పి ఉంటే ఆ తాడు అవసరం పడేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ రాత్రికి ఏం చేయాలంటే, అతనితో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి, అది మీరే అయితే మంచిది. నాన్నగారిని రెండురోజులు ఆ గది వైపు వెళ్లొద్దని చెప్పండి. గుమ్మానికి అడ్డంగా నిలబడొద్దు, అతనికి బయటికి వచ్చే దారి ఉండాలి. కత్తిపీట, పురుగుమందు, ఇంట్లో ఉన్న మాత్రల షీట్లు మీ దగ్గర పెట్టుకోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. పిల్లల్ని కొన్నాళ్లు మీ అత్తగారింటికి పంపగలిగితే పంపండి.

రేపు పాత చీటీలు పట్టుకుని మీరొక్కరే అయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, లేదా ముందు చూసిన డాక్టరైనా సరే. 14416 టెలీ మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చేతిలో ఆయుధం ఉన్నా, ఎవరి ప్రాణానికైనా ముప్పు అనిపించినా ఆలోచించకుండా 112. జ్వరం, మూర్ఛ, తలకు దెబ్బ, గంజాయి, రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి తాగుడు మానేయడం, వీటిలో ఏదైనా ఉంటే సైకియాట్రీ ఓపీ కోసం ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి. పైకి పిచ్చిలా కనిపించేది ఒక్కోసారి ఒంటి జబ్బు అయ్యుంటుంది.

చిత్తూరు వాసి

అక్కా, నేను అవతలి వైపు మనిషిని. నాకు బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు విపరీతంగా హుషారెక్కి, కొన్నాళ్లు కుంగిపోయే జబ్బు. మొదటిసారి నన్ను చేర్చినప్పుడు కాణిపాకం దర్శనానికి పోదామని చెప్పారు. తలస్నానం చేసి, పంచె కట్టుకుని, కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కారు కాణిపాకం రోడ్డు వదిలేసి ఇంకో వైపు మళ్లింది. అడిగితే మా అన్న కిటికీ వైపు చూశాడు. ఒక ఆస్పత్రి గేటు లోపల ఆగింది. మందులు పనిచేశాయి. ఆ రోజు నన్ను చేర్చకపోతే ఇల్లు అమ్మేసేవాణ్ని, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. చేర్చడం అవసరమేనని నేనే ఒప్పుకుంటాను. కానీ మా అన్న కారు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. మందులు మానేయాలని అనిపించినప్పుడల్లా ఆ కారే గుర్తొచ్చేది, డాక్టరు దగ్గరికి పోవాలంటే కాళ్లు వచ్చేవి కావు.

తర్వాత జబ్బు మళ్లీ వచ్చినప్పుడు నా భార్య ఎదురుగా కూర్చుని చెప్పింది. "మీకు మళ్లీ ఎక్కువైంది. ఆస్పత్రికి పోతున్నాం. మీరు వద్దన్నా తీసుకుపోతా, కానీ నేను పక్కనే ఉంటా, ఫోను మీ దగ్గరే ఉంటుంది." నేను తిట్టాను, అరిచాను. అప్పుడూ బలవంతమే. కానీ ఎవరూ మోసం చేయలేదు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. మీ అమ్మగారు కొండకు తీసుకెళ్తే కొండకే తీసుకెళ్లాలి. కొండ పేరు చెప్పి ఆస్పత్రికి మాత్రం వద్దు, దండం పెట్టి చెప్తున్నా.

ఇప్పుడు బాగున్నప్పుడే ఒక కాగితం రాసి పెట్టుకున్నాను. నా తరఫున నిర్ణయాలు నా భార్యవి. హాలోపెరిడాల్ అనే మందు ఇస్తే నాకు దవడ పట్టేస్తుంది, వేరేది ఇవ్వండి. నా ఆఫీసుకు ఎవరూ ఫోన్ చేయొద్దు. నా డాక్టరు దగ్గర ఒక కాపీ ఉంది.

వకీలు, చిత్తూరు

చట్టం సంగతి నేను చెప్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 1987 నాటి పాత చట్టం పోయింది. అయినా కోర్టు ఆర్డరు తెస్తేనే చేర్చుకుంటారని నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. మామూలుగా కుటుంబం తీసుకెళ్లే కేసులో ఇప్పుడు కోర్టు అక్కర్లేదు.

మీ తమ్ముడి లాంటి వాళ్లకు వర్తించేది 89వ సెక్షను. రోగి తరఫున నామినేట్ అయిన ప్రతినిధి దరఖాస్తు ఇవ్వాలి. ఒక సైకియాట్రిస్టు, ఇంకొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా డాక్టరు, ఇద్దరూ విడివిడిగా పరీక్షించాలి. ఆ పరీక్ష చేర్చిన రోజో, అంతకుముందు ఏడు రోజుల్లోనో జరగాలి. ఈమధ్య తనకు తాను హాని చేసుకోబోవడమో, ఎదుటివాళ్ల మీద చెయ్యి చేసుకోవడమో, ఒంటికి హాని చేస్తాడన్న భయం వాళ్లకు కలిగించడమో, తన బాగోగులు తాను చూసుకోలేక ప్రమాదంలో పడటమో, వీటిలో ఒక్కటైనా అంత తీవ్రంగా ఉందని ఇద్దరికీ అనిపించాలి. ఇంతకన్నా తక్కువ కట్టుబాటుతో వైద్యం చేసే దారి లేదని కూడా తేలాలి. జబ్బు ఉంది అన్న ఒక్క కారణం చాలదు. నిద్ర పోవట్లేదు, ఇంట్లో గొడవ చేస్తున్నాడు అన్నవీ వాటంతట అవి చాలవు.

అలా చేర్చితే గరిష్ఠంగా 30 రోజులు. ఆడవాళ్లు, మైనర్లయితే 3 రోజుల్లో, మిగతా వాళ్లయితే 7 రోజుల్లో ఇలాంటి అడ్మిషన్లను సమీక్షించే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు ఆస్పత్రి తెలియజేయాలి. ఆ అడ్మిషన్‌ను బోర్డు ముందు ప్రశ్నించే హక్కు మీ తమ్ముడికి ఉంది. ఉచిత న్యాయ సహాయమూ ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. 30 రోజులు దాటి ఉంచాలంటే 90వ సెక్షను కింద ఇద్దరు సైకియాట్రిస్టులు చూడాలి, బోర్డు ఒప్పుకోవాలి. ప్రాణాపాయంలాంటి అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయొచ్చు. కరెంటు షాక్ మాత్రం ఆ అత్యవసరం పేరుతో ఇవ్వకూడదు.

మీ నాన్నగారు చెప్పిన స్టేషన్ దారి గురించి. 100వ సెక్షను ప్రకారం తిరుగుతూ కనిపించి, తనను తాను చూసుకోలేని మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లాకప్పులో పెట్టకూడదు. ఇంట్లో ఉన్న, కుటుంబం చూసుకుంటున్న మనిషిని తెలిసినాయనతో ఎత్తించడానికి పెట్టిన సెక్షను కాదది.

గొలుసులతో కట్టడం 95వ సెక్షను నిషేధించింది, ఎక్కడైనా, ఎవరైనా సరే. తమిళనాడు ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. నేను లా చదివే రోజులవి. ఆ వార్త మర్చిపోలేక, వకీలునైనప్పటి నుంచి ఈ కేసులు వేరే ఎవరికీ పంపకుండా నేనే చూస్తున్నాను.

ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఎంచుకోవచ్చు. ఎవరినీ రాయకపోతే బంధువు ఆ స్థానంలోకి వస్తారు. మీ తమ్ముడికి కాస్త తేటగా ఉన్న గంటలో "నీ తరఫున ఎవరు మాట్లాడాలి?" అని అడిగి చూడండి.

కొర్లగుంట అక్క

అందరికీ చాలా థాంక్స్. సిస్టర్, మీరు చెప్పినట్టు నాన్నను పెద్దనాన్న ఇంటికి పంపించాను. నిద్ర గురించి అడిగితే మొదట తలుపేసుకున్నాడు. తర్వాత వాడే వచ్చి "వ్యాను రాదు కదా?" అన్నాడు. రాదు, ఆటోలో మనిద్దరమే అన్నాను. డాక్టరును చూపించాం. ఆయన చేరితే మంచిదన్నారు, వాడు ససేమిరా అన్నాడు. నోట్లో కరిగే మాత్ర రాసిచ్చారు. నా ముందే వేసుకుంటున్నాడు కానీ ఒక పూట వేసుకుని ఒక పూట వద్దంటున్నాడు. నిన్న రాత్రి కాస్త పడుకున్నాడు. టీవీ మీద దుప్పటి అలాగే ఉంది. అన్నం మాత్రం నేను ముందు ఒక ముద్ద తింటే తింటున్నాడు.

డాక్టరు వారంలో మళ్లీ రమ్మన్నారు. ఈలోపు మళ్లీ ఎక్కువై చేర్చక తప్పకపోతే నేనేం చేయాలి? ముందే ఏమైనా సిద్ధం చేసుకోవాలా?

పుత్తూరు సిస్టర్

వ్యాను రాదు కదా అని అడిగాడంటే మీతో బేరం కుదుర్చుకుంటున్నాడమ్మా, చాలా మంచి సంగతి. ఆ మాట తప్పొద్దు. చేర్చాల్సి వచ్చినా 108లోనో ఆటోలోనో మీరు పక్కన కూర్చునే వెళ్లండి, చేర్చుతున్నామని అతనికి నోటితో చెప్పే వెళ్లండి. చిత్తూరు తమ్ముడు రాసింది మీ నాన్నగారికి, మామకు చదివి వినిపించండి. నేను ఎన్ని చెప్పినా ఆ కాణిపాకం కారు చెప్పినంత చెప్పలేను.

ఎప్పుడు చేర్చాలన్నది ఇప్పుడే డాక్టరుతో కూర్చుని తేల్చుకోండి. రెండు రాత్రులు అస్సలు నిద్ర లేకపోవడం, నీళ్లు కూడా మానేయడం, పిల్లల జోలికి వెళ్లడం, చావు మాట ఎత్తడం, ఇలాంటివి ఏవి కనిపిస్తే ఆగకుండా తీసుకురావాలో ఆయన నోటితో చెప్పించుకోండి. అప్పుడు అర్ధరాత్రి ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు అనుకోవాల్సిన పని ఉండదు.

చేరినా అది శాశ్వతం కాదు. అతను కుదుటపడి, సొంతంగా నిర్ణయం తీసుకునే స్థితికి వస్తే తన ఇష్టంతో ఉండే రోగిగా కొనసాగొచ్చు, లేదా ఇంటికి రావొచ్చు. డిశ్చార్జి రోజు మాత్రం హడావుడిగా సంచులు సర్దుకుని వచ్చేయకండి. నెలకోసారి వేసే ఇంజెక్షన్ అతనికి సరిపోతుందా అని అడగండి. చాలామందికి రోజూ మాత్ర మింగడమే పెద్ద గొడవ, ఇంజెక్షన్ అయితే నెలలో ఒక్కరోజుతో పోతుంది. కానీ అతను ఒప్పుకోవాలి. బరువు సంగతి అతని చేతే చెప్పించండి.

కుదుటపడిన నెలలో అతనితో కూర్చుని చిత్తూరు తమ్ముడు రాసుకున్నలాంటి కాగితం రాయించండి. ఇలా ముందుగా రాసుకున్న పత్రాల మీద విదేశాల్లో జరిగిన పరీక్షలను కలిపి 2016లో లెక్క చూస్తే, బలవంతపు అడ్మిషన్లు 23 శాతం తగ్గాయి. వాటంత తేడా చూపించినవి ఈ విషయంలో పెద్దగా లేవు. ఎక్కువయ్యే ముందు తనకు ఏమవుతుందో అతనికే బాగా తెలుసు. టీవీ అనుమానం మొదలయ్యే ముందు ఏం జరిగిందో అడగండి, నిద్రే ముందు పోయి ఉంటుంది. "నాకు నిద్ర పట్టకపోతే అక్క డాక్టరుకు ఫోన్ చేయొచ్చు" అని అతని చేతిరాతతో ఒక్క వాక్యం ఉంటే చాలు, తర్వాత మీరు ఫోన్ తీసినా కుట్ర అనుకోడు.

వచ్చే ఓపీకి బెంగళూరు డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్లండి. పోయినసారి ఏ మందు ఎంత డోసులో పనిచేసిందో అందులో ఉంటుంది, డాక్టరు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పని ఉండదు.